మామ్మ తవ్వించి ఇచ్చిన వానపాములు

చేపల మామ్మ పోయింది. మంగళవారం పొద్దున వాళ్ళ ఊరు గిలకలదిండి నుంచి ఆవిడ కోడలు ఫోన్ చేసింది. "అత్త లేదండి" అని పెట్టేసింది. అప్పుడు నేను వంటింట్లో, ఆదివారం మామ్మ ఇప్పించిన వానపాముల ముంతలో తడిగుడ్డ మారుస్తున్నాను.

బందరులో మా వీధికి మామ్మ పద్దెనిమిదేళ్ళు చేపలు తెచ్చింది. గేటు ముందు గంప దించి "అమ్మాయ్, బొమ్మిడాయిలు" అని పిలిచే ఆ గొంతు ఎరగని ఇల్లు లేదు. అందరికీ తెలియనిది ఒకటుంది. మా ఇంట్లో ఉన్న బల్లి ఆవిడ వల్లే బతికింది.

అది గోడ మీద తిరిగే బల్లి కాదు. లెపర్డ్ గెకో అంటారు. జానెడుంటుంది. పసుపుపచ్చ ఒంటి మీద నల్లచుక్కలు, లావుపాటి తోక. మా అమ్మాయి హైదరాబాదులో చదువుకునేటప్పుడు కొనుక్కుని, కాయితాలన్నీ సరిగ్గా రాయించుకుని పెంచుకుంది. ఉద్యోగానికి పుణే వెళ్ళి హాస్టల్లో చేరాల్సి వచ్చినప్పుడు గాజుపెట్టెతో సహా నా దగ్గర వదిలింది. "నువ్వయితే టైముకి పెడతావమ్మా" అంది. టైముకే పెట్టాను. ఏ రోజు ఎన్ని పురుగులు తిన్నదీ, వారం వారం ఎంత బరువున్నదీ ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని.

మామ్మ దాన్ని మొదటిసారి చూసినప్పుడు గాజుపెట్టె చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"గోడల మీదున్నవి చాలవా? డబ్బులిచ్చి కొన్నారా?"

"మా అమ్మాయి ముచ్చట మామ్మా."

"ఇది మీద పడితే ఏం ఫలమో పంచాంగంలో రాశారా మరి?"

"ఇది గోడలెక్కలేదు. పడదు."

"అయితే ఇది బల్లే కాదు" అని తేల్చేసింది.

కిందటి వానాకాలం దాని తిండికి తెప్పించే పురుగుల పార్శిలు రావడం ఆగిపోయింది. వానపాములు కూడా పెట్టొచ్చని అమ్మాయి చెప్పింది. పామర్రు దగ్గర మా చుట్టాల కంపోస్టు తొట్టెలోంచి ఒక డబ్బాడు తెప్పించాను. కాలవగట్టు మట్టిలో వాటికన్నా ఎరువులో పెరిగినవి శుభ్రమనుకున్నాను. అక్కడితో ఆగకుండా, చేపముక్కలు కడిగినట్టే కొన్నిటిని ఉప్పూ పసుపూ వేసి కడిగాను. అవి మెలికలు తిరిగి చచ్చిపోయాయి. కడగని వాటిలోంచి ఒకటి పెడితే, గెకో తల విదిలించుకుంటూ మింగి, కాసేపటికి కక్కేసింది. తర్వాత రాయి కింద దూరింది. ఇంక ఏమీ ముట్టలేదు.

నా నోటుబుక్కులో తొమ్మిది రోజులు వరసగా "తినలేదు" అని ఉంటుంది. గెకోకి కొవ్వు తోకలో ఉంటుంది. ఆ తోక సన్నబడుతూ వచ్చింది. అమ్మాయి రోజూ ఫోన్ చేసి "తోక ఎలా ఉందమ్మా?" అనేది. బాగానే ఉందని చెప్పేదాన్ని. పుస్తకంలో నిజం రాసి, పిల్లకి అబద్ధం చెప్పాను.

తొమ్మిదో రోజున మామ్మ గంప దించుతూ నా మొహం చూసి సంగతి అడిగింది. ఉప్పు వేసి కడగడంతో సహా అంతా చెప్పాను. డబ్బా తెమ్మంది. ఒక వానపాముని వేళ్ళతో నొక్కితే పసుపుపచ్చ సొన కారింది, చెడ్డ కంపు.

"చారల ఎర్రలమ్మా ఇవి. గాలానికి గుచ్చితే చేపలే మూతి తిప్పుకునేవి. పైగా ఉప్పేసి కడిగావా? పులుసు పెడదామనా?"

వానపాముల్ని ఆవిడ ఎర్రలనేది. పుట్టిల్లు దివిసీమ. చిన్నప్పుడు తండ్రి గాలానికి వాటిని తవ్వే పని ఈవిడదే. ఆ సాయంత్రం విజయవాడలో పశువుల డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ఆయనా కంపోస్టు వానపాములు పెట్టొద్దనే చెప్పారు. నీళ్ళు, వెచ్చదనం చూసుకోమన్నారు.

మర్నాడు చేపల పక్కన చిన్న ముంత తెచ్చింది మామ్మ. మా ఉప్పునేలలో వానపాములు దొరకవు. ఆవిడ పెరట్లో, పుట్టింటి నుంచి బస్తాలతో తెచ్చిన మట్టి పోసి అరటి నాటిన చోట మాత్రం ఉండేవి.

"అక్కడ మందు కొట్టను, సబ్బునీళ్ళు పడనివ్వను. అయినా ఇవాళ పెట్టకు. కొర్రమీనుని బురద కక్కడానికి మంచినీళ్ళలో ఉంచుతామే, అలాగే. తడిగుడ్డలో రెండు రోజులుంచు. కడుపులో మట్టంతా పోనీ."

మూడో రోజున తనే వచ్చి, సన్నదాన్ని ఏరి, ఉత్త నీళ్ళలో కడిగి, గెకో కళ్ళ మధ్య ఎంత వెడల్పుందో అంత ముక్క కోసి సీసామూతలో పెట్టింది. నేను పెట్టె ముందు కూలబడి చూస్తున్నాను.

"లే అవతలికి. అలా గుడ్లప్పగించి చూస్తుంటే నువ్వు తింటావా? పెట్టి పక్కకి జరుగు."

వంటింట్లో ఇద్దరం కూర్చుని చేపలు బాగుచేశాం. తిరిగొచ్చేసరికి మూత ఖాళీ. నాకు ఏడుపొచ్చింది. "ఇంత తోకకి అంత ఏడుపా" అంది. ఆనాటి నుంచి వారానికొక ముంత వచ్చేది. వారానికి ఒక్కసారే పెట్టమనేది, పార్శిలు మళ్ళీ రావడం మొదలయ్యాక మిగతా రోజులు దాని పురుగులే దానికి.

ఈ వేసవిలో మామ్మ రావడం మానేసింది. ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద చిక్కి ఇంతయిపోయి ఉంది. కోడలు జావ చెంచాతో నోటికి అందిస్తుంటే మొహం తిప్పేస్తోంది. "నాలుగు రోజుల నుంచి ఇంతేనండి" అంది ఆ అమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ. నేను గిన్నె తీసుకుని మామ్మ చేతికి అందేలా పెట్టి, కోడల్ని గుమ్మంలోకి తీసుకొచ్చాను. ఇద్దరం అరటిచెట్ల వైపు చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి వెనక చెంచా చప్పుడైంది.

"నన్ను కూడా నీ బల్లిని చేశావా అమ్మాయ్."

రెండు చెంచాలు తాగింది. నేను బయల్దేరుతుంటే కోడలి చేత తవ్వించి ముంత ఇప్పించింది.

"రెండు రోజులు ఆగి పెట్టు."

"తెలుసు మామ్మా."

"తెలుసులే. అయినా చెప్తున్నాను."

మంగళవారం సాయంత్రం గిలకలదిండి నుంచి వచ్చి, స్నానం చేసి, ముంత మీద గుడ్డ తీశాను. రెండు రోజులూ నిండాయి. వానపాముల కడుపుల్లో మట్టి నలుపు పోయి లేత గులాబీ రంగు తేలింది. సన్నదాన్ని ఏరి, కడిగి, కోసి మూతలో పెట్టాను. గెకో రాయి కిందనుంచి తల బయటపెట్టి ఆగింది. తోక లావుగా ఉంది. నేను పక్కకి జరిగి, గోడ వైపు తిరిగి నిలబడ్డాను.