ఖమర్ ఆపా రోడ్డు మీద కూర్చున్న రోజు

మహబూబాబాద్‌లో మా ఇంటి వెనక సందులో నిన్న ఎవరో పాత టైరు కాల్చారు. ఆ కమురు వాసన కిటికీలోంచి రాగానే లేచి రెక్కలు మూశాను. తెలంగాణ ఉద్యమం రోజుల్లో, జనగామ దాటాక రోడ్డు మీద ఆటో దిగిన ఖమర్ ఆపా గుర్తొచ్చింది.

అప్పట్లో మేం జనగామలో ఉండేవాళ్లం. ఆపా మా వాడలో ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పేది. శుక్రవారం, జుమ్మా రోజు మధ్యాహ్నం ఆడవాళ్లంతా ఆమె ఇంట్లో చేరేవాళ్లు. చివర్లో ఒక్కొక్కరూ తమ కోరికను దువాగా పైకి చెప్పాలి. మిగతావాళ్లు ఆమీన్ అన్నాక ఆపా ఊరుకునేది కాదు. "మరి మనమేం జేద్దాం?" అని అందరి ముఖాలూ చూసేది. మా అమ్మ చెల్లెలు నజ్మా ఖాలా కుట్టుపని నేర్చుకున్నది అలాగే. నా వంతు వచ్చినప్పుడు, నర్సు కావాలని ఉందన్నాను. ఎవరూ ఆమీన్ అనలేదు. రాత్రి డ్యూటీలు, పరాయి మగవాళ్లకు సేవలు! అమ్మ తల దించుకుంది. ఆపా ఒక్కతే "ఆమీన్" అంది. ఆ సాయంత్రమే వచ్చి మా అబ్బా ఎదుట కూర్చుంది.

"మీ అమ్మ దవాఖానల పడ్డప్పుడు, మనోళ్లల్ల ఒక్క నర్సు పిల్లన్న ఉంటే బాగుండునని ఏడ్సింది నువ్వు గాదా, భాయ్?"

అబ్బా లేచి వాకిట్లోకి వెళ్లి వచ్చాడు. చివరికి, "ఒక్కసారే. సీటు రాకపోతే మళ్ల గీ ముచ్చట ఎత్తొద్దు" అన్నాడు.

ఆ ఒక్కసారీ బంద్ రోజునే వచ్చిపడింది. వరంగల్‌లో ఇంటర్వ్యూ, బస్సుల్లేవు. నజ్మా ఖాలా భర్త ఆటో తీశాడు. ఖాలా, ఆపా, నేను ఎక్కాం. ఊరు దాటామో లేదో, రోడ్డుకు అడ్డంగా టైర్లు మండుతున్నాయి. పక్కనే పొయ్యిలు పెట్టి ఆడవాళ్లు వంటావార్పు చేస్తున్నారు. కర్రలు పట్టుకున్న కుర్రాళ్లు మమ్మల్ని చుట్టుముట్టారు. ఒకడు కొట్టిన దెబ్బకు ముందద్దం బీటవారింది.

"ఎనుకకు తిప్పు! ఇయ్యాల ఎవ్వల్నీ పోనీయం."

ఆపా దిగింది. "తెలంగాణ నాక్కూడ గావాలె, బిడ్డా. అచ్చినంక మన దవాఖానలల్ల ఎవ్వలు పనిజెయ్యాలె? గీ పిల్లకు నర్సు సీటు ఇంటర్వ్యూ ఉన్నది."

"అందరూ ఏదో ఒకటి జెప్తరు. ఒక్కలను ఇడిస్తే ఇగ బంద్ ఎట్లయితది?"

"అయితే నన్ను ఉంచుకోండ్రి. పిల్ల బదులు నేను బంద్ జేస్త."

బురఖాతోనే వెళ్లి ఆ పొయ్యిల మధ్య రోడ్డు మీద కూర్చుంది. కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అద్దం కొట్టినవాడే కర్రతో టైరును పక్కకు నెట్టాడు. ఆటో కదిలాక వెనక్కి తిరిగి చూస్తే, జనగామ వైపు నుంచి పోలీసు వ్యాన్లు వస్తున్నాయి. ఆపమని అరిచాను. ఖాలా ఆపనివ్వలేదు.

ఇంటర్వ్యూలో ఏం అడిగారో, ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తులేదు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆపాను స్టేషన్‌కు తీసుకుపోయారని తెలిసింది. విడిపించుకు వచ్చింది మా అబ్బానే. ఆమెను ఇంటి దగ్గర దింపి, గుమ్మంలో నిలబడి, "సీటు రాకుంటే మళ్లొక్కపారి పంపుదాం, ఆపా" అన్నాడు.

ఆ తర్వాతి జుమ్మాకు సగం మంది రాలేదు. పోలీస్ స్టేషన్‌కు పోయిన ఆడదాని ఇంటికి వద్దన్నారట మగవాళ్లు. అమ్మ మాత్రం నాకంటే ముందే వెళ్లి కూర్చుంది. తన దువా చెప్పమంటే సిగ్గుపడుతూ, "బస్సు మీది ఊరు పేరు సదువాలని ఉన్నది" అంది. ఆపా అప్పటికప్పుడే పలక తెప్పించింది.

సీటు వచ్చింది. హాస్టల్‌కు బయలుదేరే ముందు అడిగాను, ఆ రోజు భయం వేయలేదా అని.

"ఎందుకెయ్యలే? కాళ్లు గజగజ వణికినయ్. నిలవడరాలె. అందుకే కూసున్న" అని నవ్వింది.

ఆపా ఇప్పుడు లేదు. వార్డులో మొదటిసారి సూది పట్టుకుని బిగుసుకుపోయే కొత్త నర్సు పిల్లలను చూస్తుంటాను. వాళ్లకు ధైర్యం నూరిపోయడం నాకు రాదు. వెళ్లి పక్కన కూర్చుంటాను.