నీళ్ల డ్రమ్ము

గోదావరిఖనిలో మా పక్కింట్లో ఉండిన అక్కను తలుచుకుంటే, గడ్డం కింద చెయ్యి పెట్టుకునే కనిపిస్తుంది. కూర దించాలన్నా ముందు "జర చూడనియ్యి" అనేది. భర్త కాలు దెబ్బతిని గని పని మానేశాక, గని గేటు దగ్గర బజ్జీల బండి పెడతానంది. అక్కడ అప్పటికే ఒక బండి ఉంది. ఈమె మాత్రం పొయ్యి వెలిగించకుండా, షిఫ్టు వదిలే వేళకు రోజూ వెళ్లి ఊరికే నిలబడేది.

"ఇంట్ల బియ్యం అయిపోవస్తున్నయ్. గాడ ఏం చూస్తున్నవే?" అని భర్త విసుక్కున్నాడు.

"గనిలకెళ్లి పైకొచ్చినోళ్లు బజ్జీల దిక్కు చూస్తరు, మళ్ల తమ చేతుల దిక్కు చూసుకుంటరు. సీదా ఇంటికి పోతరు," అంది.

బండి పెట్టిన రోజు పొయ్యి కంటే ముందు నీళ్ల డ్రమ్ము, సబ్బుముక్క పెట్టింది. బొగ్గు మసి కడుక్కుని చాలామంది తిన్నారు. కొందరు మాత్రం చేతులు కడుక్కుని వెళ్లిపోతుంటే, సాయానికి వెళ్లిన నాకు ఒళ్లు మండింది.

"అక్కా, కొననోళ్లు గూడ నీ నీళ్లు అయిపోగొడుతున్నరు," అన్నాను.

ఆమె చెయ్యి ఈసారి గడ్డం కిందికి పోలేదు.

"కడుక్కోనియ్యి. ఇంటికి పోంగనే పిల్లలను ఎత్తుకుంటరు," అంది.