తాతమ్మగారి విసనకర్రకు ఆకుపచ్చ అంచు

గల్ఫ్ దేశంలో, అల్ తుమామా అనే పేటలో నేను పనిచేసే ఇంట్లో, హాలు గోడకి ఒక దొరసాని ఫోటో ఉంటుంది. ఆవిడ మా ఇంగ్లీషు మేడమ్‌కి తాతమ్మ. ఇంగ్లండులో ఓడెక్కి దక్షిణాఫ్రికా వెళ్ళి, కనుచూపు మేర పొలం సొంతం చేసుకుని అక్కడే స్థిరపడిపోయిందట. ఫోటోలో మెడదాకా బొత్తాలు పెట్టుకుని, ఒళ్ళో మడత విసనకర్రతో కూర్చుని ఉంటుంది. బట్టలు కాస్త పలచటివి కుట్టించుకుని ఉంటే ఆ విసనకర్ర అవసరమే ఉండేది కాదు.

ఒకసారి ఫోటో తుడుస్తూ అడిగాను. "తాతమ్మగారు ఏ వీసా మీద వెళ్ళారు మేడమ్?"

"వీసా ఏమీ లేదు," అని నవ్వారు మేడమ్.

"మెడికల్? స్పాన్సర్?"

"అవీ లేవు."

నాకు అసూయ పుట్టింది. నేను పది వేళ్ళ ముద్రలూ, ఛాతీ ఎక్స్‌రే ఇచ్చి వచ్చింది అంట్లు తోమడానికి. ఆవిడ ఏమీ ఇవ్వకుండా వెళ్ళి దొరసాని అయిపోయింది.

ఆ విసనకర్ర మా అద్దాల బీరువాలోనే ఉండేది. ఎముక పుల్లలు, వాటి మీద పూలు వేసిన పట్టుగుడ్డ. దాన్ని దక్షిణాఫ్రికాలో వాళ్ళ ఊరి మ్యూజియంకి ఇచ్చేద్దామని మేడమ్ అనుకున్నారు. ఒక గురువారం పొద్దున్న స్కూలుకి వెళ్తూ, "ఆదివారం కొరియర్‌లో పంపాలి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి పెట్టు," అని నాకు చెప్పారు. ఆవిడ అక్కడ టీచరు.

దులుపుతూ చూస్తే పట్టు అంచంతా పీచులు లేచిపోయి ఉంది. మా గోదావరి వైపు తాటాకు విసనకర్రకైనా గుడ్డ అంచు కుట్టకుండా ఎవరి చేతికీ ఇవ్వం. ఇస్తే ఆ ఇంటి ఆడవాళ్ళకి చేతకాదనుకుంటారు. అలాంటిది మ్యూజియంకి ఇలా పంపిస్తామా? నా పాత ఆకుపచ్చ వాయిలు చీర చింపి, విసనకర్రని పూర్తిగా విప్పి, ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నటి కుట్టుతో అంచు వేశాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

నేను తమ్ముడూ అని పిలిచే మా కడప డ్రైవర్ టీ కోసం వస్తే చూపించాను.

"బాగుందిక్కా. ఏదీ, ఒకసారి ముయ్యి," అన్నాడు.

మూతపడలేదు. తాటాకు విసనకర్రకి మడతలుండవు, నాకు ఆ ఆలోచనే రాలేదు.

"ఎంత పని జేస్తివక్కా! వందేండ్లు దాటిన వస్తువంట అది. యల్లా, ఇంక పద, పెట్టె సర్దుకో!"

వాడు నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. నా వీసా మేడమ్ పేరు మీద ఉంది. ఆవిడ ఒక్కసారి ఇక్కడి మాటలో 'మాఫీ', ఇంక పని లేదు, అంటే నేను విమానం ఎక్కాలి, నా కూతురి నర్సింగ్ చదువు మధ్యలో ఆగిపోవాలి.

మేడమ్ రెండింటికి వచ్చారు. చూశారు. మొహం ఎర్రబడింది. నేను అంచు సంగతంతా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకున్నాను. ఆవిడ చిన్న కత్తెర, భూతద్దం తెచ్చి, "కూర్చో, విప్పుదాం," అన్నారు.

ఆవిడ కత్తిరిస్తుంటే నేను దారం లాగుతున్నాను. మూడో పుల్ల దగ్గర కత్తెరకి ఆకుపచ్చ కాని దారం తెగింది. గోధుమరంగు దారం, చిన్నచిన్న గట్టి కుట్లు. పట్టు నోరు తెరిచింది. ఎవరో ఎప్పుడో అక్కడ చిరుగు కుట్టి ఉన్నారు.

"తాతమ్మగారు కుట్టారా?"

"కాదు. ఆవిడ సూదిలో దారం కూడా ఎక్కించేది కాదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు."

ఇద్దరం ఫోటో వైపు చూశాం. కుర్చీ వీపు మీద ఒక నల్లటి చెయ్యి ఉంది. మణికట్టు పైన ఫోటో కత్తిరించేశారు. మూడేళ్ళుగా రోజూ నేను తుడిచే ఫోటో అది. దొరసాని వీసా గురించి అడిగాను గానీ, ఆ చెయ్యి ఎవరిదని ఒక్కనాడూ అడగలేదు. నాకు సిగ్గేసింది.

"ఇది తెంపింది నేను," అంటూ మేడమ్ సూది నాకు అందించారు. "నువ్వు కుట్టు."

ఆ పాత కన్నాల్లోంచే కుట్టాను. ఈసారి విసనకర్ర మూతపడింది.

"మేడమ్, నేను పెట్టె సర్దుకోవాలా?"

"ఆదివారం వెళ్ళేది విసనకర్ర ఒక్కటే," అని మ్యూజియం వాళ్ళ కాగితం ముందు పెట్టుకున్నారు. యజమానురాలు అన్న చోట తాతమ్మగారి పొడవాటి పేరు రాశారు. మరమ్మతు చేసినవారు అన్న చోట రెండు గీతలున్నాయి. నా ఇంటిపేరు అడిగి, నా పేరు రెండో గీత మీద రాశారు.

"మొదటిది వదిలేశారేంటి మేడమ్?"

మేడమ్ కలంతో ఫోటోలోని నల్లటి చెయ్యి వైపు చూపించారు.

"ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు," అన్నారు.