తెర వెనక ఆకాశవాణి

నాటకశాలలో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడను అందరూ ఆకాశవాణి అనేవారు. "వార్తలెన్నింటికమ్మా?" అని ఏడిపించేవారు. పాత భక్తి నాటకంలో, చెరసాలలో కుమిలిపోయే భక్తుడికి దేవుడి మాట వినిపించేది ఆమె గొంతులోనే మరి. తెర వెనక ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "భయపడకు, నేనున్నాను" అని పాడేసి, మళ్లీ అంగీల మడతల్లో పడేది. దేవుడికి కూడా అక్కడ తీరిక ఉండేది కాదు.

అంతకుముందు ఆ పాట ఆమె అక్కది. అక్కకు ఉబ్బసం. "నేనున్నాను" అని ఒక్క ఊపిరిలో అనలేక, "నేను" దగ్గర ఆగి, గాలి పీల్చుకుని, "ఉన్నాను" అనేది. ఊపిరి అందనప్పుడు పక్కనున్న చెల్లెలే ఆ చివరి మాట అందుకునేది. ఒకరోజు చెల్లెలు పైగదిలో చిరిగిన అంగీ కుడుతూ ఉండిపోయింది. ఆరోజు పాట "నేను" దగ్గరే ఆగిపోయింది. అక్క ఊపిరీ అక్కడే ఆగిపోయింది. ఆ ఒక్క మాట అందించలేకపోయానన్న దిగులు చెల్లెల్ని ఇప్పటికీ తినేస్తోంది.

కొత్తగా వచ్చిన దర్శకుడు నాటకాన్ని ఈ కాలం ప్రేక్షకులకు తగ్గట్టు మారుస్తానని పాటలు సగానికి కోశాడు, డ్రమ్ములు పెట్టాడు, చెరసాలను ఆసుపత్రి గది చేశాడు. దేవుడి మాట స్పీకర్లలో నలువైపుల నుంచీ రావాలన్నాడు. ఆవిణ్ణి రికార్డింగు గదిలో కూర్చోబెట్టి పాడించారు.

విన్నాక సౌండు ఇంజనీరు మొహం పాలిపోయింది.

"మీతో పాటు ఇంకెవరు పాడారండీ?"

"గదిలో నేనొక్కదాన్నేగా బాబూ."

అతను మళ్లీ వినిపించాడు. ఆమె పాట ముగియగానే వెనక నుంచి ఇంకో గొంతు అదే పాట అందుకుంది. "భయపడకు, నేను..." పిల్లికూతల ఊపిరి. తరవాత, "ఉన్నాను." ఆ ఊపిరి ఆమెకు తెలిసిందే.

దర్శకుడు మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాడు. "నాకు కావాల్సింది ఇదే. మొదటి గొంతు తీసేసి ఇదొక్కటే ఉంచండి."

"అది మా అక్క బాబూ. దానికి ఊపిరాడదు. ఒంటరిగా వదిలేయకండి" అందామె. అతను నవ్వి, మొదటి గొంతు తీయించేశాడు.

మొదటి ప్రదర్శన నాడు ఆమెకు తెర వెనక పాడే పనే లేదు. అయినా వెళ్లి తన చోట నిలబడింది. స్పీకర్లు పలికాయి. "భయపడకు, నేను..."

అంతే. ఇంజనీరు మీటలన్నీ నొక్కి చూస్తున్నాడు. యంత్రంలో పాట నడుస్తున్నట్టే ఉంది, హాల్లో మాత్రం చడీ చప్పుడూ లేదు. పిల్లికూతలు ఇప్పుడు స్పీకర్లలోంచి కాదు, ఆమె పక్కనుంచే వినిపిస్తున్నాయి, ఊపిరి అందక కొట్టుకుంటూ.

ఈసారి ఆమె పైగదిలో లేదు.

"ఉన్నాను" అని పాడింది.

పక్కన ఎవరో హాయిగా గాలి పీల్చుకున్నారు. ఆమె అటు చూడలేదు. కాస్త జరిగి చోటిచ్చింది.