రాకుమారుడికి నయమైన ఊరు

మేము బహ్రెయిన్‌లో, బుసైతీన్‌లో అద్దెకుండే రోజుల్లో మా పాపకు మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా రకం తామర ఉండేది. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని డాక్టరు చెప్పాడు. అయినా వేసవి దాటగానే ఈసా టౌన్‌లో బడిలో చేర్చాలి. చేర్చుకునే ముందు టీచరు పిల్లలతో మాట్లాడుతుంది. ఆ మచ్చలు చూసి వద్దంటారేమోనని నాకు ఒకటే దిగులు.

మా ఆయనకు మీనా సల్మాన్ రేవులో వర్క్‌షాపు డ్యూటీ. నేను బి.ఏ. చదివినా, మా వీధిలోనే ఒక ఇంగ్లీషు పెద్దావిడ ఇంట్లో వంట చేసేదాన్ని, పాపను వెంటబెట్టుకుని. ఆవిడది ఇంగ్లండులో బాత్ అనే ఊరు. హాలు గోడ నిండా ఆ ఊరి ఫొటోలే. పాపను ఎత్తుకుని ఒక్కొక్కటీ చూపించేది. తేనెరంగు రాతి ఇళ్లు, నెలవంకలా వంగిన ఒకే వరస. ముందు నుంచి చూస్తే అవే కిటికీలు, అవే స్తంభాలు. వెనక్కి వెళితే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ముందు గోడ మాత్రం ఒకే తీరుగా కట్టాలట, వెనక ఎవరిష్టం వాళ్లదట. వేడినీళ్లు ఉబికే చోట రోమన్లు సీసపు రేకులు పరిచి కట్టిన కొలను ఫొటో కూడా ఉంది. పచ్చటి నీళ్లు, పైన ఆవిరి.

రోమన్ల కంటే ముందు అక్కడికి ఒక రాకుమారుడు వచ్చాడని ఆవిడ కథ చెప్పింది. చర్మరోగమని కోటలోంచి పంపేస్తే పందులు కాసుకున్నాడట. అతని రోగం పందులకూ వచ్చింది. అవి వేడి బురదలో పొర్లి బాగయ్యాయి. అది చూసి తనూ దిగాడు, నయమయ్యాక అక్కడే ఊరు కట్టాడు.

"అమ్మా, మరి పందులకి ఒళ్లెవరు తుడిచారే?" అంది పాప.

నాకు మాత్రం ఆ వేడినీళ్లే మనసులో ఉండిపోయాయి. మా కుళాయి నీళ్లు ఉప్పన, తాగడానికి మంచినీళ్లు కొనుక్కునేవాళ్లం. ఉప్పువైతేనేం, ఇవీ నేలలోంచి వచ్చినవే కదా అనుకున్నాను. శుక్రవారం సెలవునాడు, మా అమ్మ నాకు చేసినట్టే, సున్నిపిండితో గట్టిగా నలుగు పెట్టి, ఓర్చుకోగలిగినంత వేడిగా ఆ నీళ్లు పోశాను. సాయంత్రానికి పాప చేతులు ఎర్రగా పొంగాయి. గోక్కుని రక్తం తెచ్చుకుంది.

"బి.ఏ. చదివి పందుల వైద్యం చేస్తావటే?" అన్నాడు మా ఆయన, పాప చేతుల మీద విసురుతూ.

మర్నాడు పెద్దావిడ ఆ చేతులు చూసి నన్ను కూర్చోబెట్టింది.

"అది కథమ్మా. మా ఊళ్లో ఆ కొలనులో ఇప్పుడు ఎవరినీ దిగనివ్వరు. చూసి రావడమే."

గోరువెచ్చని నీళ్లు, డాక్టరు ఇచ్చిన పూత చాలంది. నలుగు మానేశాను. మచ్చలు తగ్గాయి గాని పోలేదు.

బడికి వెళ్లిన రోజు, అంత ఎండలోనూ పొడుగు చేతుల గౌను వేశాను. టీచరు పాపను ఏదైనా కథ చెప్పమంది. పాప వచ్చీరాని ఇంగ్లీషులో రాకుమారుడి కథ మొదలుపెట్టి, "ఇదిగో, ఇలాంటివే" అని గౌను చేయి పైకి మడిచి చూపించింది. డాక్టరు మాట చెప్పబోయాను. టీచరు నా వైపు చూడకుండా, పాప చేయి తన చేతిలోకి తీసుకుంది.

"తర్వాతేం చేశాడు?"

"ఊరు కట్టాడు. ముందర అన్నీ ఒక్కలాగే. వెనకాల ఎవరిష్టం వాళ్లది."

టీచరు నవ్వి, యూనిఫాం గుడ్డ ఎక్కడ దొరుకుతుందో నాకు చెప్పింది.

తిరిగి వస్తూ గుడ్డ కొని దర్జీ దగ్గర ఆగాం. చేతులు ఎంత పొడుగు పెట్టాలని అడిగాడు. నేను నోరు విప్పేలోపే పాప మోచేతికి పైన వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడిదాకానే."

అలాగే కుట్టమన్నాను.