బాలయ్య చేయని ఫోన్

ఏడేళ్లుగా ఒక దగ్గును మోస్తున్నాను. నాది కాదు, బాలయ్యది. మందుకు తగ్గదు. అది గొంతులో లేదు, ఇంకొంచెం కింద ఎక్కడో ఉంది. ఈ వాక్యం మరీ నాటకంలా ఉందని నాకూ తెలుసు. కొట్టేద్దామనుకున్నాను. కానీ ఇన్నేళ్లూ ఇలా కొట్టేసుకుంటూనే వచ్చాను, అందుకే ఉంచుతున్నాను. నేనెవరో మీకు చెప్పను. మీరెవరో నేను అడగను.

నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదివే రోజుల్లో ఊరి చివర ఉన్న పిల్లల హోమ్‌కు ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ని. వలస పనులకు పోయినవాళ్ల పిల్లలు అక్కడ ఉండి చదువుకునేవాళ్లు. సేవ అనకండి. ఇంట్లో ఉంటే మా అమ్మ బట్టలు ఉతకమనేది, తప్పించుకున్నాను. తీరా వెళ్తే నలభై తలలు దువ్వాలి, గోళ్లు తీయాలి, ఎక్కాలు చెప్పించాలి. అయినా మానలేదు. గర్వంగానే చెబుతున్నాను, రెండేళ్లలో ఒక్క ఆదివారం తప్పలేదు. పేనును ఇప్పటికీ రోడ్డు అవతలి నుంచి గుర్తుపడతాను.

నా అసలు విద్య మిమిక్రీ. వార్డెన్ మరియమ్మక్క తిట్లు, అచ్చంపేట బస్సు కండక్టర్ కేకలు. పిల్లలు పడి పడి నవ్వేవాళ్లు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మానాన్నల ఫోన్లు వచ్చేవి. అందరికీ కలిపి మరియమ్మక్క దగ్గర ఉన్నది ఒకటే ఫోన్. పిల్లలు తమ పళ్లేలు కడిగి వరండాలో వరుసగా బోర్లించేవాళ్లు. మాట్లాడినవాళ్లు తమ పళ్లెం ఎత్తుకోవాలి. ఈ పద్ధతి పెద్దవాళ్లు పెట్టింది కాదు, పిల్లలదే. సాయంత్రానికి వరండా ఖాళీ అయ్యేది.

శిరీష పళ్లెం మిగిలిపోయింది. బల్మూరు దిక్కు పిల్ల, ఎనిమిదేళ్లు, తల్లి లేదు. తండ్రి బాలయ్య పుణెలో బిల్డింగ్ పనికి పోయాడు. రెండు ఆదివారాలు ఫోన్ రాలేదు. పళ్లెం ఎత్తదు. పక్కవాళ్ల పళ్లెంలో రెండు ముద్దలు, అంతే. మూడో ఆదివారానికి మెడ సన్నబడింది. నేను మూడు గొంతులు చేసి చూపించాను. నవ్వలేదు. మిమిక్రీ వాడికి అంతకన్నా అవమానం ఉంటుందా? ఆ తర్వాత చేసిన పని దయ వల్ల చేశానా, ఆ అవమానం వల్లా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

రోడ్డు దాటి, కిరాణా కొట్టాయన ఫోన్ అడిగి తీసుకున్నాను. బాలయ్యను ఒక్కసారే చూశాను, పిల్లను దింపడానికి వచ్చినప్పుడు. నాకది చాలు. మాటకు ముందు పొడి దగ్గు, మాట చివర "సమజైందా".

"అక్కా, బాలయ్యను. జర మా పోరికి ఇయ్యరాదు."

మరియమ్మక్కే నమ్మింది. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

"నాయినా?"

"ఆఁ బిడ్డా. తిన్నవా?"

"నువ్వు ఫోన్ చెయ్యకపోతే ఎట్ల తింట?"

"చేసిన గద. ఇగ తిను. సమజైందా?"

"వచ్చే నెల ఫంక్షన్ ఉన్నది. కోలాటం ఆడుతున్న. వస్తవా?"

ఇది నేను రాసుకోని సీను. దగ్గాను. మళ్లీ దగ్గాను. దగ్గుతో ఎంతసేపని నెట్టుకురాగలం?

"వస్త బిడ్డా."

తిరిగి వచ్చేసరికి వరండాలో పళ్లెం లేదు. సాయంత్రం మూడుసార్లు అన్నం పెట్టించుకుంది.

తర్వాతి ఆదివారం అసలు బాలయ్య ఫోన్ చేశాడు. ఫోన్ నీళ్లలో పడి ఇన్నాళ్లూ పనిచేయలేదట. స్పీకర్ పెట్టి ఉంది.

"ఫంక్షన్‌కొస్త అంటివి గద, యాది ఉన్నదా?" అంది శిరీష.

"నేనా? ఎప్పుడంటి?"

"పోయిన ఆదివారం. దగ్గుకుంట అంటివి."

అటువైపు పొడి దగ్గు. "అన్న బిడ్డా. అన్న. వస్త."

నేను అక్కడే ఒక పిల్లాడి గోళ్లు తీస్తున్నాను. వాడు "అబ్బా!" అన్నాడు.

వచ్చాడు. మేస్త్రి పోవద్దన్నా వచ్చాడు. ఆ తర్వాత మేస్త్రి ఆయన్ని తన కూలీల గుంపులో మళ్లీ చేర్చుకోలేదు. కోలాటం అయ్యాక నన్ను పక్కకు పిలిచాడు. నాకు రెట్టింపు వయసు మనిషి, నా ముందు చేతులు కట్టుకున్నాడు.

"సార్, నీకొక్కనికే చెప్తున్న. ఆ ఫోన్ నాకు యాదికి లేదు. ఆదివారం తాగుత నేను. ఎవని ఫోన్ అడుక్కున్ననో, మైకంల బిడ్డతోని మాట్లాడి మర్సిపోయిన. గింత నీచమైతరా సార్, తండ్రి?"

చెప్పాల్సింది అప్పుడే. నోటి దాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం, "పోనీయ్ బాలన్నా."

చూశారా? ఆయన చేయని తప్పుకు ఆయన్ని నేను క్షమించాను.

బాలయ్య మళ్లీ తాగలేదు. ఏడాది పాటు దొరికిన కూలికల్లా పోయాడు. తర్వాత మరియమ్మక్క హోమ్ గేటు దగ్గర పని ఇప్పించింది. పిల్లల్ని దింపడానికి వచ్చే తండ్రులందరికీ అక్కడే చెబుతాడు: "బిడ్డతోని మాట్లాడి మర్సిన మనిషిని నేను. మీరు గట్ల కావొద్దు." కొందరు తలదించుకుంటారు. కొందరు తాగుడు మానేశారని కూడా విన్నాను. శిరీష ఇప్పుడు పదో తరగతి. చిన్నపిల్లల గోళ్లు తనే తీస్తుంది, నా నడకను నాకన్నా బాగా నడిచి చూపిస్తుంది. ఆ పిల్లను చూస్తే నాకు కలిగేది పశ్చాత్తాపం కాదు, గర్వం.

నిజం చెబితే గేటు దగ్గరి ఆ కథ కూలిపోతుంది, ఆయన కోసమే నోరు మూసుకున్నాను అని నాకు నేను చెప్పుకుంటాను. ఆయన కోసమేనా? ఇప్పటికీ నేను హోమ్‌కు వెళ్లినప్పుడల్లా "సార్" అంటూ కుర్చీలోంచి లేచే ఆ మర్యాద పోతుందనా? ఆయన లేచిన ప్రతిసారీ కూర్చోమంటాను. కూర్చోడు. ఎందుకు లేవక్కర్లేదో మాత్రం చెప్పను.

ఇంకొకటి కూడా ఉంది. ఆ రెండు నిమిషాలకన్నా బాగా నేను ఎన్నడూ గొంతు మార్చలేదు. చప్పట్లు లేని నా ఒకే ఒక్క ప్రదర్శన. ఒక పిల్ల అన్నం తిన్నది. ఒక తండ్రి ఏడేళ్లుగా తలదించుకునే ఉన్నాడు. మొదటిదాన్ని తలచుకుని పొంగిపోయే మనిషి రెండోదాన్ని ఎలా మింగాడు? మింగాడు. ఇదిగో, అలవాటుగా.

బాలయ్య ఆ ఆదివారం ఫోన్ చేయలేదు. ఆయన మరిచిపోయింది ఏమీ లేదు. మాట్లాడింది నేను.

రాయడం అయిపోయింది. దగ్గు తగ్గలేదు. కానీ అది ఎవరిదో ఇప్పుడు ఇంకొకరికి తెలుసు.