పెనం మీద పచ్చిరొట్టె

నరసాపురం రేవులో గాలివానకు చిక్కి, లాంచీ డ్రైవరు ఇంట్లో తలదాచుకున్నాను. అతని లాంచీ ఇంకా గోదావరి మధ్యలోనే ఉంది. అతని భార్య బియ్యప్పిండి, జొన్నపిండి, శనగపిండిలో కారం, నువ్వులు కలిపి నాకు రొట్టె కాల్చి పెట్టింది. పెనం చల్లారాక దాని మీదే భర్త కోసం ఇంకో రొట్టె తట్టి, స్టవ్వు వెలిగించకుండా కూర్చుంది. మా వరంగల్‌లో అయితే కాల్చేసి మూతపెడతారు.

"ఆయనొచ్చాకే వెలిగిస్తానండి," అంది.

పైన పెంకులు కదులుతున్నాయి. భయం పోవడానికి, మా ఊరి గాలికి గేదె తాడిచెట్టెక్కిన సంగతి ఎత్తుకున్నాను. ఓ పెంకు ఊడిపడేసరికి నా మాట ఆగిపోయింది.

"ఆపకండి అన్నయ్యగారూ! మీ అబద్ధాలు వింటుంటే గాలి వినపడట్లేదు."

మళ్ళీ అందుకుని గేదెను చెట్టు దింపుతున్నాను. వాకిట్లో ఎవరో దగ్గారు.

ఎవరని ఆమె అడగలేదు. అగ్గిపుల్ల గీసింది.